పెట్టె లేని సైకిల్

మా బావ ఫొటో ఇంగ్లీషు పుస్తకంలో పడింది. అట్ట మీద కాదు, లోపల. కానీ ఎదురెదురు పేజీల నిండా పడింది. వెనక సముద్రం, అప్పుడే పైకొస్తున్న పొద్దు, తడి ఇసుక మీద సైకిల్, దాని మీద మా బావ పెంచలయ్య. ఉతికిన తెల్ల చొక్కా, నోరంతా నవ్వు. చూసిన ప్రతివాడూ "అబ్బ, ఎంత బాగుందో" అంటాడు. అననీండి. నాకు మాత్రం ఆ పేజీ చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో అర్థం కావాలంటే మా బావ సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

మాది మైపాడుకు దగ్గర్లో ఒక పాళెం. పేరు చెప్పను. చెప్తే మావాళ్ళు నన్ను గడప తొక్కనివ్వరు. పాళెమంతా వేట మీదే బతుకుతుంది. నేనొక్కణ్ణే ఇంటర్ దాకా చదివి నెల్లూరులో మందుల షాపులో కుదిరాను. పొద్దున బస్సెక్కితే చీకటి పడేవేళకి ఇల్లు చేరతాను. మా అక్క మాలకొండమ్మను పెంచలయ్య బావకు ఇచ్చేనాటికి ఆయన పడవలో మంచి పనిమంతుడు. పెళ్ళయిన కొత్తల్లోనే, అలలు దాటేటప్పుడు పడవ తిరగబడి దాని అంచు ఆయన ఎడమ మోచేతి మీద పడింది. కట్టు కట్టించాం, ఎముక అతికింది గానీ చెయ్యి మళ్ళీ తిన్నగా సాగలేదు. చెయ్యి సాగనివాడు వల లాగలేడు. వల లాగలేనివాణ్ణి ఏ పడవవాడు ఎక్కించుకుంటాడు? కొన్నాళ్ళు ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేశాడు. ఆ తర్వాత మా నాయన తన పాత సైకిల్ ఇచ్చి, "చేపలమ్ముకోరా అల్లుడా" అన్నాడు.

అప్పట్నుంచీ ఆ సైకిలే ఆయన పడవ. చెయ్యి వంకర కాబట్టి హేండిల్‌ను ఎడమ వైపు దగ్గరకు పట్టుకుని, ఒళ్ళు కాస్త పక్కకు వాల్చి తొక్కుతాడు. దూరం నుంచి చూస్తే గాలికి కొట్టుకుపోతున్నట్టుంటుంది. మేమంతా ఏడిపించేవాళ్ళం. "బావా, తిన్నగా పోతే ఊరు రాదా?" అంటే, "మీ అక్కను చూసి మెడ తిప్పినా, ఆన్నుంచి అట్నే ఉండిపోయింది" అనేవాడు. అక్క చేతిలో ఏది ఉంటే అది విసిరేది.

పడవలు ఒడ్డుకు రాగానే ఇసుకలో వేలంపాట పెడతారు. పెద్ద చేపలు వ్యాన్లవాళ్ళు ఎగరేసుకుపోతారు. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, ఎప్పుడన్నా నాలుగు పారలు, ఇవి మా బావ వంతు. అక్క వాటిని ఏరి, కడిగి, ప్లాస్టిక్ పెట్టెలో ఒక వరస ఐసు, ఒక వరస చేప సర్ది, పైన తడిగోతం కప్పుతుంది. బావ ఆ పెట్టెను క్యారియర్ మీద పెట్టి పాత ట్యూబుతో బిగిస్తాడు. సైకిల్‌ను ఎప్పుడూ నీళ్ళ వైపు పొడి ఇసుక దాటించడు. ఉప్పునీళ్ళు తగిలితే చైను తుప్పు పడుతుందని భయం. ఇక తొక్కడమే. ఎండ ముదిరేలోపు కాలవ దాటి, పొలాల మధ్య ఊళ్ళల్లో పెట్టె ఖాళీ చేసుకోవాలి. లేటయితే చేప మెత్తబడుతుంది. మెత్తబడ్డ చేపను ఒకసారి అంటగడితే ఆ గడప మళ్ళీ పిలవదు.

మా సైకిలోళ్ళకు రెండు పట్టింపులున్నాయి. పెట్టె కట్టాక బోణీ అయ్యేదాకా దాన్ని నేల తాకనివ్వకూడదు. మొదటి కొనుగోలు జరిగే గడప దగ్గరే దించాలి. ఇక రెండోది, బోణీ కాకముందు నోటి వెంట 'లేదు' అన్న మాట రాకూడదు. ఇళ్ళల్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటామే, అలాంటిదే. వంజరం ఉందా అని ఎవరన్నా అడిగితే బావ "రేపు వస్తాది తల్లీ" అనేవాడు. ఆ రేపు ఎన్నేళ్ళయినా రాలేదనుకోండి, అది వేరే సంగతి. నెల్లూరులో మా షాపు ఓనరు దీన్ని మూఢనమ్మకం అంటాడు. ఆయన మాత్రం కౌంటరు మీద నిమ్మకాయ పెట్టందే షట్టరు ఎత్తడు.

ఇంకొక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా పాళెంలో కాపులంటే రైతులు కారు, కులపెద్దలు. వాళ్ళు వేసే కట్టడిని దురాయి అంటారు. దురాయి దాటినవాడికి పాళెంలో నిప్పు కూడా పుట్టదు. పూర్వం చేపలమ్మేవాళ్ళందరూ సైకిళ్ళ మీదే పోయేవాళ్ళు. ఒక్కొక్కరే మోపెడ్లు కొనేసరికి గొడవ మొదలైంది. సైకిల్ వాడు కాలవ గట్టు ఎక్కేసరికే బండివాడు ఊరంతా అమ్మేసి తిరిగొచ్చేవాడు. సైకిలోళ్ళు పోయి కాపుల దగ్గర ఏడ్చారు. అప్పుడు కాపులు దురాయి వేశారు. కాలవ పక్కనున్న దగ్గరి ఊళ్ళు, నిడిముసలి, కొరుటూరు, ఆ చుట్టుపక్కలవి, బండి కొనుక్కోలేని సైకిలోళ్ళకే వదలాలి. బండ్లవాళ్ళు దూరం పోవాలి. ఎంత మంచి న్యాయమో చూడండి. ఏ చదువుకున్నవాడు చెప్పగలడు ఇలాంటి తీర్పు?

ఏళ్ళు గడిచాయి. సైకిలోళ్ళల్లో కొందరు పోయారు, కొందరు బండ్లు కొన్నారు. చివరికి సైకిల్ మీద మిగిలింది మా బావ ఒక్కడే. ఆయనకూ బండి కొనాలని లేక కాదు. ఎప్పుడు నాలుగు రాళ్ళు వెనకేసినా అక్క ఆస్పత్రికే పోయేవి. అక్కకు ఉబ్బసం. ఆ ఊళ్ళ మీద వచ్చేదానితోనే వాళ్ళ ఇల్లు నడిచేది. దురాయి ఉంది కాబట్టి ఆ ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళున్నాయి కాబట్టి పొయ్యి వెలిగేది. అంతకుమించి ఆయన బతుకులో ఇంకే ఆధారమూ లేదు.

అలాంటి మనిషి దగ్గరికి ఒకనాటి తెల్లవారుజామున కిషోర్ బాబు వచ్చాడు.

హైదరాబాదు మనిషి. సైకిళ్ళ గురించి వచ్చే ఇంగ్లీషు మాసపత్రికకు రాస్తాడట. వెంట ఫేబీ అని ఫొటోలు తీసే అమ్మాయి. మైపాడు బీచి దగ్గర గది తీసుకుని, ఒడ్డు పొడుగునా సైకిళ్ళ మీద తిరుగుతూ మా పాళెం వచ్చారు. ఆ వేళకు నేనక్కడ లేను, అక్క చెప్పిందే చెబుతున్నాను. కిషోర్ బాబు చెడ్డవాడు కాదు. బావను "పెంచలయ్య గారూ" అన్నాడట. ఆయన్ను పుట్టి బుద్ధెరిగాక 'గారూ' అని పిలిచినవాడు లేడు. బావ అక్కడే సగం కరిగిపోయాడు.

"మీ ఊళ్ళో అందరికీ బండ్లున్నాయి కదా, మీకు లేదా? ఎందుకు కొనలేదు?" అని అడిగాడు కిషోర్ బాబు.

పెట్టె కట్టి ఉంది. బోణీ కాలేదు. లేదు అనకూడదు. ఆ మాటకొస్తే ముక్కూ మొహం తెలియని మనిషి ముందు 'కొనే తాహతు లేదు' అని ఏ మగవాడు మాత్రం అంటాడు? బావ నవ్వి, "ఎందుకు సార్ బండి? నాకు సైకిలంటేనే ఇష్టం" అన్నాడు.

కిషోర్ బాబు మొహం వెలిగిపోయిందట. ఎందుకు వెలగదు, అదే కదా వాళ్ళకు కావలసింది. ఫేబీ కెమెరా తీసింది. కాసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అంకుల్, ఆ బాక్స్ కాస్త తీసేస్తారా? ఫ్రేము బరువుగా ఉంది" అంది.

అక్క ఠక్కున అడ్డుపడింది. "బోణీ కాలేదయ్యా, దించబాక" అని బావ చెవిలో అంది. ఆయన, "ఎంత గౌరవంగా అడగతుండారు మే, కాదంటే బాగుండదు. నువ్వు పట్టుకో కాసేపు" అన్నాడు. అక్క ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని నిలబడింది. బావ ఇంటికి పోయి తెల్ల చొక్కా తొడుక్కొచ్చాడు. నీళ్ళ అంచున తొక్కమన్నారు, తొక్కాడు. మళ్ళీ తొక్కమన్నారు, మళ్ళీ తొక్కాడు. అల వచ్చి చక్రం సగం తడిపింది. ఏనాడూ ఉప్పునీళ్ళ దగ్గరికి పోనివ్వని సైకిల్! పొద్దు పైకొచ్చింది. ఐసు కరిగి అక్క మొహం మీదుగా కారుతోంది. ఆమెకు ఆయాసం వచ్చి, మెడలు పీకి, ఇక తాళలేక పెట్టెను ఇసుకలో దించేసింది. ఆ రోజు బావ నిడిముసలి చేరేసరికి మొదటి గడప రెబెక్కమ్మ పప్పు వండేసుకుంది.

ఇదీ జరిగింది.

పుస్తకం పోస్టులో వచ్చినప్పుడు ఇంట్లో పండగే. ఆ నున్నటి కాగితాలు అక్క వేళ్ళు తుడుచుకుని మరీ ముట్టుకుంది. నేను షాపు నుంచి వచ్చేసరికి వాకిట్లో చాప వేసి నా కోసం కాచుకుని ఉన్నారు. "చదవరా, ఏం రాసినాడో చదువు" అని బావ తొందరపెడుతున్నాడు. ముందు నుంచీ తిరగేశాను. ఎన్ని సైకిళ్ళో! కొండల మీద సైకిళ్ళు, మంచులో సైకిళ్ళు, అడవిలో సైకిళ్ళు. తొక్కేవాళ్ళందరూ ఒళ్ళు కరుచుకున్న బట్టలేసుకుని, తలకు టోపీలు బిగించుకుని, పళ్ళు కొరుకుతున్నారు. ఒక్క సైకిల్‌కి క్యారియర్ లేదు. ఒక్కదానికి స్టాండు లేదు. దిగితే ఎక్కడ పెడతారో ఏమో మరి. గడ్డిమోపు లేదు, పాలక్యాను లేదు, ముందర రాడ్డు మీద కూర్చున్న బిడ్డ లేదు. చీర కట్టిన మనిషి అసలే లేదు. ఎవరూ ఎక్కడికీ పని మీద పోతున్నట్టు లేరు. ఊరికే పోయి ఊరికే వస్తున్నారు. అన్ని పేజీల్లో రోజూ సైకిల్ తొక్కి బతికేవాడు మా బావ ఒక్కడే. ఆయన్ను కూడా వాళ్ళలాగే ఖాళీ చేసి పెట్టారు.

పైన పెద్ద అక్షరాలతో, మోటారు వద్దన్న మనిషి అని ఉంది. కింద రాత. ఈ మత్స్యకారుడు పొగ కంటే గాలిని ఎంచుకున్నాడట. చుట్టూ అందరూ వేగం వెంట పడుతుంటే ఇతను నెమ్మదిని ప్రేమించాడట. "'బండి ఎందుకు? నాకు సైకిలంటేనే ఇష్టం' అంటాడు పెంచలయ్య, సముద్రం వైపు చూస్తూ" అని రాశాడు. సముద్రం వైపు చూశాడా? మా అక్క నెత్తి మీద కరిగే ఐసు వైపు చూసి ఉంటాడు, మా బావ నాకు తెలియడా! చేపల మాట ఒకచోట వచ్చింది. 'చేపల వాసన నిండిన తీరం' అని. చేపలమ్ముతాడని ఎక్కడా లేదు.

"బావా, ఇది తప్పుగా రాసినారు. పెట్టె యాడ పోయింది?" అన్నాను.

"పోనీలేరా. నా మొహం ఎంత బాగా పడింది చూడు" అన్నాడు. ఆయన ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె పైన కట్టుకుని ఊరూరా చూపించాడు. పాళెంలో టీ బంకు దగ్గర చూపించాడు. ముత్యాలయ్యకు కూడా తానే చూపించాడు.

ముత్యాలయ్యకు మోపెడ్ ఉంది. దూరం ఊళ్ళు తిరుగుతాడు. అతన్ని తిట్టాలని నాకు చాలా కోరికగా ఉంది గానీ, అతనిదీ కడుపే. దూరం ఊళ్ళకు ఇప్పుడు నెల్లూరు నుంచి ఐసు పెట్టెల ఆటోలు దిగుతున్నాయి. పెట్రోలు పోసుకుని పోయి సగం పెట్టె వెనక్కి తెచ్చుకుంటున్నాడు. కూతురు రోజా ఇంజనీరింగు చదువుతోంది. ఆ పిల్ల పుస్తకం చదివి తండ్రికి తెలుగులో చెప్పింది. తప్పేమీ చెప్పలేదు, ఉన్నదే చెప్పింది. ఆదివారం సాయంత్రం కాపులు కూర్చోవాలని ముత్యాలయ్య అడిగాడు.

రామమందిరం అరుగు మీద కూర్చున్నారు. పెద్దకాపు మధ్యలో. మగవాళ్ళందరం కింద. ఆడవాళ్ళు ఎప్పటిలాగే గోడవతల. ముత్యాలయ్య పుస్తకం తెరిచి పెద్దకాపు ముందు పెట్టాడు.

"నేను అన్యాయంగా అడగడంలా. పెంచలయ్యన్న నాకు తోడబుట్టినోడి లెక్క. బండి కొనలేనోళ్ళకని ఆ ఊళ్ళు వదిలినాం. కొనలేకనా, ఇష్టం లేకనా? ఇష్టం లేక సైకిల్ తొక్కతుండానని ఆయనే చెప్పినాడు, దేశమంతా చదవతుండారు. ఇష్టానికి తిరిగేవోడి కోసం నేనెందుకు ఊళ్ళు వదలాల?"

నాకు తిక్క రేగింది. "అదంతా ఉత్త రాత! వాళ్ళకు తోచింది రాసుకున్నారు. ఆ మనిషి ఇంట్లో ఏముండాదో మీకు తెల్దా? కళ్ళ ముందర కనపడేది వదిలేసి కాగితం పట్టుకుంటారా?" అని లేచాను.

"రేయ్ శివా, కూర్చో. నెల్లూరు నోరు ఈడ చూపించబాక" అన్నాడు పెద్దకాపు. బావ వైపు తిరిగి, "ఆ మాట నువ్వన్నావా, అనలేదా? గంగమ్మ మీద చెప్పు" అన్నాడు.

"అన్నా, పెద్దాయనా. పెట్టె కట్టుండింది, బోణీ కాలా. ఆ మాట నోటెంట ఎట్టా వస్తాది? అందుకని అట్టా అన్నా."

చేపలమ్మే ఇంట పుట్టినవాళ్ళే కదా, ఎవరికి తెలియదు? ఒకరిద్దరు తలలూపారు కూడా. పెద్దకాపు మీసం దువ్వుకున్నాడు. గెలిచాం అనుకున్నాను నేను. అంతలో ముత్యాలయ్య ఫొటో మీద వేలు పెట్టాడు.

"పెట్టె ఏదీ?"

పుస్తకం చేతులు మారింది. ఒక్కొక్కరూ వంగి చూశారు. సైకిల్ ఉంది, సముద్రం ఉంది, నవ్వు ఉంది. పెట్టె లేదు. గోడవతల నుంచి అక్క అరిచింది, "నా నెత్తినుండింది! నేనే మోసినా!" అని. ఇంటోళ్ళ మాట సాక్ష్యానికి పనికిరాదన్నారు. మిగతావాళ్ళెవరూ చూడలేదు, ఆ వేళకు అందరూ ఇంకా దూరాన పాట దగ్గరే ఉన్నారు. నేను ఉండబట్టలేక, "ఆ రాసినోణ్ణే అడగండి" అని కిషోర్ బాబుకు ఫోను కలిపాను. నంబరు పుస్తకంతో వచ్చిన చీటీ మీద ఉంది. అందరికీ వినపడేలా పెట్టాను.

ఆయన ఎంత సంతోషపడ్డాడో! "పెంచలయ్య గారి బావమరిదా! ఆయనెలా ఉన్నారు? ఆ ఫొటోకి ఎన్ని మెయిల్సు వచ్చాయో తెలుసా!" అన్నాడు.

"సార్, ఒక్క ముక్క చెప్పండి. ఫొటో తీసేటప్పుడు సైకిల్ మీద చేపల పెట్టె ఉండిందా లేదా? మా పెద్దలు వింటుండారు."

"పెట్టెనా? ఆ, ఉంది. ఫేబీ తీయించింది."

నా ప్రాణం లేచొచ్చింది. ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఏదో నిష్ఠూరమాడటానికి ఫోను చేశామనుకున్నాడు కాబోలు, సంజాయిషీ మొదలుపెట్టాడు.

"ఆయన్ని పేదవాడిలా చూపించకూడదని మేం చాలా జాగ్రత్తపడ్డామండీ. అందరూ అలాగే చూపిస్తారు కదా, బరువులు మోసుకుంటూ, చెమటలు కక్కుతూ. మాకది ఇష్టం లేదు. ఆయన కూడా వెంటనే నవ్వుతూ దించేశారు. చాలాసేపు తొక్కారు. అబ్బా, ఎంత సరదాపడ్డారో! చిన్నపిల్లాడైపోయారు."

ఫోను పెట్టేశాను. ఎవరో వెనక నుంచి, "బోణీ కాని పెట్టె దించి సరదాపడినాడంట" అన్నారు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది.

పెద్దకాపు బావను చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. జాలిగా చూసినట్టే అనిపించింది నాకు. "పెంచలా, నిజమేనా? సరదాపడినావా?"

కాదను బావా, కాదను అని మనసులో మొత్తుకుంటున్నాను. పైకే అనేశానేమో కూడా, పక్కవాడు నా భుజం నొక్కాడు. అడిగారని తొక్కానను, భయపడి తొక్కానను, ఏదో ఒకటి అను!

బావ తల వంచుకున్నాడు. "పడినా పెద్దాయనా. అబద్ధం ఎందుకు? ఖాళీ సైకిల్ నేనెప్పుడూ తొక్కలా. పోయేటప్పుడు పెట్టె, వచ్చేటప్పుడు అలుపు. ఆ పొద్దు గాలికి పోతా ఉంటే... హాయిగా ఉండింది" అన్నాడు.

గోడవతల అక్క ఏడుపు వినపడింది. పెద్దకాపు లేచి తీర్పు చెప్పాడు. బోణీ కాని పెట్టెను ఇసుకలో దించి, పొద్దెక్కేదాకా ఆడుకున్నవాడికి ఊళ్ళు కాపాడాల్సిన అవసరం పాళేనికి లేదు. దురాయి ఎత్తేశాం. ఎవరు ముందు పోతే వాళ్ళమ్ముకోవచ్చు.

ఇరవై మంది సైకిలోళ్ళ కోసం వేసిన కట్టడి ఒక్క పూట సరదాకు పోయింది. బతుకంతా బరువు మోసినవాడికి కాసేపు తేలిగ్గా అనిపించడం నేరమా? నేనడిగాను. అరిచే అడిగాను. అరుగు దిగిపోయేవాళ్ళు ఎవరూ ఆగలేదు.

కిషోర్ బాబుకు మర్నాడు షాపు నుంచి మళ్ళీ చేశాను. జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. పెట్టెతో ఉన్న ఫొటో ఒక్కటి వేసి, నిజం రాయమన్నాను. "తప్పకుండా ప్రయత్నిస్తానండీ. కానీ మాది ఎక్కువగా లాంగ్ రైడ్లు, కొత్త మోడళ్ళు. ఇలాంటి రోజువారీ సైకిల్ కథ ఏడాదికొకటే వేస్తారు. ఈ ఏడాదిది అయిపోయింది" అన్నాడు. పెట్టెతో తీసిన ఫొటో అసలు లేదని తర్వాత ఫేబీ చెప్పిందట.

ఆ తర్వాత బావ కొన్నాళ్ళు పట్టు వదల్లేదు. ఇంకా ముందు లేచాడు, ఇంకా గట్టిగా తొక్కాడు. ఎంత తొక్కినా మోటారు మోటారే. ఉప్పునీళ్ళకు చైను పట్టేసి మధ్య దారిలో ఊడిపోయేది కూడా. ఆయన నిడిముసలి చేరేసరికి ఇళ్ళల్లో పులుసు కాగుతూ ఉండేది. రెబెక్కమ్మ పాపం నొచ్చుకుంది. "నువ్వొస్తావని చూసినా అయ్యా, పిల్లకాయలు బడికి పోవాల గదా" అంది. ఆమె తప్పేముంది? మిగిలిన చేపలను అక్క ఉప్పు పట్టించి ఎండేసేది. ఎండుచేపల వాసనకు ఆమె ఆయాసం ఎక్కువైంది. ఒకరోజు బావ పాట దగ్గరికి పోకుండా ఇంటి ముందరే కూర్చుండిపోయాడు.

అప్పుడు ముత్యాలయ్యే వచ్చాడు. మనసులో ఏదో పీకి ఉంటుంది. ఆ ఊళ్ళల్లో ఆడవాళ్ళు తనను సరిగా నమ్మడం లేదని, పెంచలయ్య గొంతు వినపడితేనే గిన్నె పట్టుకుని బయటికొస్తారని చెప్పాడు. "అన్నా, నా బండెనక కూర్చో. నువ్వు కేకెయ్యి, నేనమ్ముతా. నీ వంతు నీకిస్తా" అన్నాడు. నేను వద్దన్నాను. పౌరుషం లేదా బావా అని అడిగాను. "పౌరుషానికేమిరా, మీ అక్కకు మందులు కావాల" అన్నాడు.

అలా మా బావ తన ఊళ్ళల్లోనే ముత్యాలయ్య వెనక కూర్చుని, వంకర చేత్తో పెట్టెను అదిమిపట్టుకుని, "చేపలమ్మో" అని కేకేస్తూ తిరిగాడు. గొంతు ఆయనది, చేపలు ముత్యాలయ్యవి. నెల్లూరు బస్సులోంచి ఒకట్రెండు సార్లు చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలియకూడదని తల పక్కకు తిప్పుకున్నాను. అదన్నా నిలిచి ఉంటే ఈ రాత రాసేవాణ్ణి కాదు.

మొన్న బస్టాపులో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. పొద్దున్నే ఆ వేళలో అక్కడ ఆయన్ను చూడటం వింతగా అనిపించి, "ఏంది బావా, పోలేదా?" అన్నాను.

"రేపట్నించి రావద్దన్నాడురా నిన్న ముత్యాలు. ఇప్పుడు వాడి గొంతుకూ బయటికొస్తుండారంట ఆడోళ్ళు. అలవాటయిపోయింది గదా."

"అట్టా అన్నాడా వాడు?" అని లేవబోయాను. బావ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వాడు చెప్పింది న్యాయమేలేరా. నేను కూర్చునే చోట ఇంకో పెట్టె పడతాది."